ఎవరికైనా పనికొస్తుందిలే!

నా స్నేహితురాలు ఒకావిడ సెలవు రోజుల్లో ఒక ఆశ్రమానికి వెళ్లి, జనం తెచ్చిచ్చే పాత సామాన్లు ఏరి విడదీసే పనిలో సాయం చేస్తుంటుంది. మొన్న ఫోన్ చేసి ఎలా ఉన్నావని అడిగిన పాపానికి గంటసేపు వాయించేసింది. "ఇదివరకు ఏమైనా ఉంటే ఇవ్వండి అని అడిగేవాళ్లం, ఇప్పుడు దయచేసి ఇవ్వొద్దని ఎలా చెప్పాలో తెలీక తలలు పట్టుకుంటున్నాం" అంది. ఆ సంచుల్లో ఏముంటాయట? జిప్పు ఊడిపోయిన బ్యాగులు, ఒంటి బూటు, సగం ముక్కలు లేని పజిల్ డబ్బా, సిలబస్ ఎప్పుడో మారిపోయిన గైడ్లు, ఏ ఫోన్‌కీ పట్టని ఛార్జర్లు, గడువు తీరిన మందులు. ఒకరైతే ఉతక్కుండానే దుప్పట్లు మూటగట్టి పంపారు, పైన "ప్రేమతో" అని చీటీ కూడా పెట్టి. అందులో పనికొచ్చేవి ఏరుకున్నాక మిగిలిందంతా చెత్తకి ఎత్తించడానికి మళ్లీ ఆశ్రమం వాళ్లే డబ్బులు కట్టుకోవాలి.

అదే వారంలో నేను ఇల్లు సర్దుకోవడం గురించి నాలుగైదు వీడియోలు చూశాను. అన్నీ ఒకేలా ముగుస్తాయి. అల్మారా ఖాళీ అయింది, తలుపు పక్కన నిండు సంచులు వరసగా నిలబడ్డాయి, వీడియోలో ఆవిడ చేతులు దులుపుకుని నవ్వింది, సంగీతం. ఆ సంచులు ఎక్కడికెళ్లాయో కెమెరా ఒక్కసారి కూడా వెంట వెళ్లి చూడదు. చూస్తే నా స్నేహితురాలు కనిపిస్తుంది, ముక్కుకి గుడ్డ కట్టుకుని.

ఇంట్లో అక్కర్లేనివి తీసెయ్యాలి, అందులో నాకు రెండో మాట లేదు. నా పేచీ అంతా వస్తువు గడప దాటగానే మన పని అయిపోయిందనుకోవడం దగ్గర. దాన్ని రేపటినుంచి ఎవరు వాడతారో ఒక మనిషిని చూపించలేకపోతే, మనం ఇచ్చినట్టు కాదు. ఏం చెయ్యాలో మనకి తేలని వస్తువుని, తేల్చమని ఇంకొకళ్ల నెత్తిన పెట్టినట్టు. ఆ ఇంకొకళ్లకి సాధారణంగా మనకంటే చోటూ తక్కువే, తీరికా తక్కువే.

మనది కాబట్టి విలువ ఎక్కువ

పాత వస్తువు వదలడం ఎందుకంత కష్టమో చెప్పే ప్రయోగం ఒకటుంది, చాలామంది వినే ఉంటారు. 1990లో డేనియల్ కానెమన్, జాక్ నెట్ష్, రిచర్డ్ థేలర్ అనే ముగ్గురు పరిశోధకులు కలిసి ప్రచురించారు. కార్నెల్ యూనివర్సిటీ విద్యార్థుల్లో సగంమందికి తలా ఒక మగ్గు ఇచ్చి, ఎంతకి అమ్ముతారని అడిగారు. మగ్గు రానివాళ్లని ఎంతకి కొంటారని అడిగారు. అమ్మేవాళ్లు చెప్పిన ధర కొనేవాళ్లు చెప్పినదానికి దాదాపు రెట్టింపు. అదే మగ్గు, అదే గది, చేతికొచ్చి నిమిషాలే అయింది. అయినా "నాది" అయ్యేసరికి రేటు పెరిగిపోయింది.

దీన్ని అందరూ "అందుకే మనం పారేయలేం" అని చెప్పడానికి వాడతారు. నాకు మాత్రం ఇందులో ఇంకో సంగతి కూడా కనిపిస్తుంది. మన వస్తువుకి మనం వేసుకున్న ఆ రెట్టింపు ధర, అది మన ఇంట్లోంచి వెళ్లేటప్పుడు మన బుర్రలోంచి వెళ్లదు. కాలర్ అరిగిన చొక్కాని చూసి "ఇంకా బాగానే ఉంది కదా, ఎవరైనా వేసుకుంటారు" అనిపించడం అందుకే. అదే చొక్కా షాపులో వేలాడుతుంటే మనం చెయ్యి కూడా వెయ్యం. ఇచ్చేటప్పుడు మనం అవతలివాళ్ల అవసరాన్ని చూస్తున్నామనుకుంటాం గానీ, నిజానికి అప్పుడు కూడా మన మగ్గునే చూసుకుంటున్నాం.

దీనికి తోడు డబ్బు లెక్క ఒకటి. అంత పోసి కొన్నాం, ఒక్కసారి కూడా సరిగా వాడలేదు, పారేస్తే ఆ డబ్బు పోయినట్టే అనిపిస్తుంది. డబ్బు పోయింది కొన్నరోజునే, కానీ అది ఒప్పుకోవడానికి మనసు రాదు. అదే "దానం చేశాను" అనుకుంటే ఆ నష్టం కాస్తా పుణ్యం ఖాతాలోకి మారిపోతుంది. ఇదొక మంచి ఏర్పాటే, ఎవరికీ నొప్పి లేదు, ఆ సంచి విప్పేవాళ్లకి తప్ప.

త్వరగా వదిలించుకోవాలనే కోరిక ఎందుకంటే

ఇలా అంటున్నానని ఆ సంచులు నింపేవాళ్లని తిట్టాలని కాదు. ఇంట్లో సామాన్లు పేరుకుపోతే నిజంగానే ఊపిరాడదు, అది ఊరికే అనే మాట కాదు. 2000ల మొదట్లో కాలిఫోర్నియా యూనివర్సిటీ పరిశోధకులు లాస్ ఏంజెలెస్‌లో 32 కుటుంబాల ఇళ్లలోకి వెళ్లి, వాళ్లు రోజూ ఎలా బతుకుతున్నారో, ఇంట్లో ఏమేం ఉన్నాయో వీడియోలు తీసి మరీ చూశారు. నాలుగిళ్లలో మూడిళ్ల గ్యారేజీల్లో కారు పెట్టే చోటే లేదు, అంతా సామానే. ఆ ప్రాజెక్టు నుంచే 2010లో వచ్చిన ఇంకో పరిశీలన నాకు బాగా గుర్తుండిపోయింది. ఇల్లంతా చిందరవందరగా ఉందనీ, తెమలని పనులు మిగిలిపోయాయనీ చెప్పుకున్న భార్యల్లో, రోజు గడిచేకొద్దీ తగ్గాల్సిన కార్టిసాల్ అనే ఒత్తిడి హార్మోను సరిగా తగ్గలేదట. భర్తల్లో ఆ సంబంధం అంతగా కనపడలేదు.

ఎందుకో ఊహించడం కష్టమేం కాదు. ఏ ఇంట్లోనైనా అన్నీ కలగలిపి పడేసే సొరుగు ఒకటి ఉంటుంది, దాన్ని లాగి చూడండి. ఏ తాళానిదో తెలీని తాళంచెవి, రాస్తుందో లేదో తెలీని పెన్నులు, ఏదో యంత్రంలోంచి మిగిలిన స్క్రూలు ఒక చిన్న కవరులో, కంపెనీ మూతపడినా పారేయని వారంటీ కార్డు, బాగుచేయిద్దామని పెట్టిన వాచీ. అందులో ఒక్కోటీ తేల్చాల్సిన ఒక్కో పని. ఆ తాళంచెవి పారేస్తే రేపు ఏ పెట్టె తెరుచుకోదో అని ఒక అనుమానం, ఉంచితే ఎన్నాళ్లని ఇంకో విసుగు. చాలా ఇళ్లలో ఈ తేల్చే పని ఒక్క మనిషి మీదే పడుతుంది, మిగతావాళ్లకి అది సొరుగు మాత్రమే. అలాంటి మనిషికి ఒకరోజు తిక్క పుట్టి, సాయంత్రంలోగా ఇదంతా కళ్లముందు నుంచి పోవాలి అనిపిస్తే ఎవరు కాదనగలరు.

కాబట్టి నా ఫిర్యాదు ఆవిడ మీద కాదు. ఆవిడకి ఆ సాయంత్రం "సంచిలో కట్టి ఎవరికైనా ఇచ్చెయ్, తేలికైపోతావు" అని చెప్పే సలహా మీద.

సంచి వెనకాలే వెళ్తే

చిలీలో అటకామా ఎడారి ఉంది కదా, ప్రపంచంలో అతి పొడి ప్రాంతాల్లో ఒకటి. అక్కడ ఇసుకలో బట్టల గుట్టలున్నాయి. దగ్గర్లోని ఇకీకే రేవుకి వేరే దేశాల్లో వాడేసిన బట్టలు, అమ్ముడుపోని బట్టలు ఓడల్లో వస్తాయి, వాటిలో అక్కడా ఎవరూ కొననివి చివరికి ఎడారిలో పడతాయి. వాటిలో కొన్నయినా ఎవరో మంచి మనసుతో, మడతపెట్టి మరీ ఇచ్చినవే అయ్యుంటాయని నా అనుమానం.

ఎలక్ట్రానిక్ సామాన్ల సంగతి ఇంకా అన్యాయం. ఐక్యరాజ్య సమితి 2024 నివేదిక ప్రకారం 2022లో ప్రపంచం మొత్తం మీద 6.2 కోట్ల టన్నుల ఈ-వ్యర్థాలు పోగయ్యాయి, అందులో సరైన పద్ధతిలో సేకరించి రీసైకిల్ చేసినట్టు లెక్కకి దొరికింది 22.3 శాతమే. మిగతాదంతా ఎక్కడో అక్కడ ఉంది, మన సొరుగుల్లో కూడా. పాత ఫోన్ ఎవరికైనా ఇద్దామనుకుంటాం, సరే, మంచిదే. కానీ మన అకౌంట్లోంచి లాగౌట్ అవకుండా ఇస్తే చాలా ఫోన్లు కొత్తవాళ్ల చేతిలో తెరుచుకోను కూడా తెరుచుకోవు. బ్యాటరీ ఉబ్బిన ఫోనైతే మామూలు చెత్తలో వేసినా ప్రమాదమే, నలిగినా చిల్లిపడినా లిథియం బ్యాటరీ అంటుకుంటుంది. అంటే ఇవ్వడానికి ముందు అరగంట పని ఉంది. ఆ అరగంట మనం పెట్టకపోతే ఎవరో పెట్టాలి, లేదా మంట పెడుతుంది.

హెల్మెట్ల మాట కూడా చెప్పాలి, ఎందుకంటే ఇది చాలామంది మంచి ఉద్దేశంతో చేసే పని. పిల్లాడికి చిన్నదైపోయింది, పైకి చూస్తే కొత్తదానిలా ఉంది, ఎవరి పిల్లలకైనా ఇచ్చేద్దాం అనుకుంటారు. హెల్మెట్ లోపల థర్మోకోల్ పొర ఉంటుంది, అసలు కాపాడేది అదే. గట్టి దెబ్బ ఒకటి తగిలితే తను నలిగి ఆ దెబ్బని మింగేస్తుంది, మళ్లీ మామూలు స్థితికి రాదు. పైన పెంకు మీద గీత కూడా ఉండకపోవచ్చు. దాని చరిత్ర తెలిసింది ఇచ్చేవాళ్లకి ఒక్కళ్లకే, సంచిలో పడ్డాక ఆ చరిత్ర పోతుంది. కింద పడిన హెల్మెట్‌ని ఇవ్వడం కన్నా నాలుగు ముక్కలు చేసి పారేయడం వందరెట్లు నయం.

వద్దనలేని మనిషికి ఇవ్వడం

ఇంకో రకం ఉంది, ఇది రాయడానికి కొంచెం ఇబ్బందిగానే ఉంది. మా ఆఫీసులో ఒకాయన చక్రం విరిగిన పెద్ద సూట్‌కేసు తెచ్చి, ఫ్లోరు తుడిచే అమ్మాయికి అందరి ముందూ ఇచ్చాడు. ఆ అమ్మాయి "థాంక్యూ సార్" అని తీసుకుంది. సాయంత్రం నేను బయటికి వెళ్తుంటే ఆ సూట్‌కేసు వెనక గేటు దగ్గర డబ్బాల పక్కన నిలబెట్టి ఉంది. అంతవరకు ఆ అమ్మాయే దాన్ని మెట్లమీదుగా మోసుకొచ్చి ఉంటుంది, చక్రం లేదు కదా. ఆయన మాత్రం చాలారోజులు సంతోషంగా ఉన్నాడు, ఇల్లు సర్దుకున్నానని, పనిలో పనిగా ఒక మంచి పని కూడా అయిందని.

మన కింద పనిచేసేవాళ్లు, మన మీద ఆధారపడ్డవాళ్లు మనకి వద్దని చెప్పలేరు. వద్దంటే "పొగరు" అంటాం. అందుకని వాళ్లకి ఏదైనా ఇచ్చే ముందు వద్దనడానికి దారి చూపించాలి. ఒక ఫోటో తీసి పంపి, "ఇది మేం వాడట్లేదు, నీకు పనికొస్తే చెప్పు, లేకపోతే ఇంకొకళ్లని అడుగుతా" అంటే చాలు. రెండో సగం ముఖ్యం. అది లేకపోతే అడిగినట్టు కాదు.

మా అక్క చెప్పిన ఎదురుమాట

ఇదంతా మా అక్కకి చెప్తే ఆవిడ విని విని, "నీ లెక్కన ఏ వస్తువూ బయటికి పోదు. ప్రతి గిన్నెకీ వరుణ్ణి వెతికేలోపు ఇంకో పది గిన్నెలు వచ్చి చేరతాయి. నీది బాధ్యత కాదు, దాచుకోవడానికి కొత్త సాకు" అంది.

దీనికి నా దగ్గర గట్టి జవాబు లేదు, ఒప్పుకుంటున్నాను. ఇల్లు మారేవాళ్లు, ఇంట్లో జబ్బుమనిషి ఉన్నవాళ్లు, రెండు రోజుల్లో గది ఖాళీ చెయ్యాల్సినవాళ్లు ఒక్కో వస్తువుకీ మనిషిని వెతకలేరు. పాతికేళ్ల సామాను మీద కూర్చుని నీతి ఆలోచిస్తే అక్కడే తెల్లారుతుంది. అక్క చెప్పినదాంట్లో నేను పూర్తిగా తీసుకున్నది ఒకటుంది. పారేయాల్సింది పారేయడమే. పాడైన వస్తువు చెత్తబుట్టలో పడితే కనీసం అది చెత్త అని మనకి తెలుస్తుంది, కళ్లారా చూస్తాం, కొంచెం సిగ్గేస్తుంది కూడా. ఆ సిగ్గు తప్పించుకోవడానికే కదా సగం సంచులు ఆశ్రమాలకి పోతున్నాయి.

కానీ ప్రతిదానికీ వరుణ్ణి వెతకడం అక్క అనుకున్నంత కష్టం కాదని కూడా నా అనుభవం. కిటుకల్లా లోపాలు ముందే చెప్పేయడం. మా ఇంట్లో బట్టలు ఆరేసుకోవడానికి తప్ప దేనికీ పనికిరాని వ్యాయామం సైకిలు ఒకటుండేది. "మంచి కండిషన్, ఉచితం" అని అపార్ట్‌మెంట్ గ్రూపులో పెడితే అందరూ బొటనవేలు బొమ్మ పెట్టి ఊరుకున్నారు. తర్వాత ఉన్నదున్నట్టు రాశాను: ఎడమ పెడల్ కిర్రుమంటుంది, సీటు చినిగింది, స్క్రీను పనిచెయ్యదు, లిఫ్టులో పట్టాలంటే హ్యాండిల్ విప్పాలి. ఆ సాయంత్రమే ఒకాయన రెంచీ పట్టుకుని వచ్చాడు. స్క్రీనుతో ఆయనకి పనిలేదట, మోకాలి ఆపరేషన్ అయ్యాక కాలు ఆడించుకోవడానికి కావాలట. మన దగ్గరే నిలబడి హ్యాండిల్ విప్పి, బోల్టులు రుమాల్లో కట్టుకుని తీసుకెళ్లాడు. మంచి కండిషన్ అనే మాట చూసి ఆయన ఎందుకు రాలేదో తెలుసా, "మంచిదైతే ఊరికే ఎందుకిస్తారు, ఏదో దాస్తున్నారు" అనుకున్నాడట.

వేరేవాళ్ల సామాను

ఇల్లు సర్దే ఉత్సాహంలో మన చెయ్యి ముందు పోయేది మన అల్మారా మీదకి కాదు, పెద్దవాళ్ల పెట్టెల మీదకి. అత్తసొమ్ము అల్లుడు దానం చేసినట్టు, అమ్మానాన్నల వస్తువులు పారేయడం మనకి మహా తేలిక. వాళ్లు "ఎప్పటికైనా పనికొస్తుంది" అంటే నవ్వుతాం. కావాల్సినప్పుడు కొనుక్కోగలిగినవాళ్లకి ఇల్లు ఖాళీగా ఉంచుకోవడం సులువు, మళ్లీ దొరుకుతుందన్న ధీమా ఉంటుంది. ఒక మేకు కోసం పాత పెట్టె ఊడదీసిన రోజులు చూసినవాళ్లకి ఆ ధీమా ఉండదు. వాళ్లది తెలివితక్కువతనం కాదు, అప్పట్లో అది బీమా.

ఏదీ వదల్లేక, నడిచే దారి కూడా లేకుండా ఇల్లంతా నింపుకునేవాళ్ల సంగతి వేరు. దాన్ని ఒక ప్రత్యేకమైన మానసిక సమస్యగా అమెరికన్ సైకియాట్రిక్ అసోసియేషన్ 2013లో గుర్తించింది. వాళ్లు లేనప్పుడు ఇల్లు ఊడ్చేస్తే బాగుపడరు, సాయం చేసినవాళ్ల మీద నమ్మకం పోతుంది, సామాను మళ్లీ పేరుకుంటుంది. అక్కడ కావాల్సింది డాక్టరు. మామూలుగా పాతవి దాచుకునే పెద్దవాళ్లని ఆ గాటన కట్టకూడదు.

వస్తువు ఫోటో తీసుకుంటే వదలడం సులువవుతుందని ఒక సలహా ఉంది. ఉత్తమాట కాదు, 2017లో వచ్చిన ఒక పరిశోధనలో హాస్టల్ విద్యార్థులకి "జ్ఞాపకం కోసం ఫోటో తీసుకుని వస్తువు ఇచ్చెయ్యండి" అని చెబితే, మామూలుగా ఇవ్వమని అడిగినప్పటికన్నా ఎక్కువ వస్తువులు ఇచ్చారు. నాన్న పనిముట్ల పెట్టె దగ్గర నేనూ ఆ సలహా చెప్పాను. ఆయన నావైపు జాలిగా చూశాడు. అందులో చేత్తో తిప్పే డ్రిల్లు ఒకటుంది, చెక్క పిడి ఆయన అరచేతి పట్టుకి నునుపుదేలి పోయింది, పళ్లచక్రాలకి ఇప్పటికీ నూనె రాస్తాడు. "ఫోటో బొక్క పెడుతుందా?" అన్నాడు.

ఏళ్లతరబడి ఇవ్వనివాడు, పక్కింటి కుర్రాడు స్కూలు ప్రాజెక్టు కోసం చెక్కముక్కలు పట్టుకుని కుస్తీ పడుతుంటే తనే పిలిచాడు. చక్రం ఎలా తిప్పాలో, బిట్ ఎలా బిగించాలో, చెక్క చీలకుండా కింద ఇంకో ముక్క ఎందుకు పెట్టాలో చూపించాడు. ఆ కుర్రాడు రెండు బొక్కలు వంకరగా పెట్టి మూడోది సరిగా పెట్టేసరికి, "తీసుకుపో, నెలకోసారి నూనె వెయ్యి" అన్నాడు, అంతే. పక్కనే ఉన్న నాకు ఒక్క మాట కూడా చెప్పలేదు. ఆయనకి వదలడం ఎప్పుడూ కష్టం కాలేదు, ఎవరి చేతిలో పడుతుందో తెలీకుండా వదలడమే కష్టమయింది. నా వాదనంతా అప్పటికే ఆయన దగ్గర ఉంది, నేను చదువుకుని తెలుసుకోవాల్సి వచ్చింది.

కొనే దగ్గర

వస్తువు వెళ్లే దారి గురించి ఇంత తలనొప్పి పెట్టుకుంటే, అది వచ్చే దారి దగ్గర కాస్త ఆగుతామని నేననుకుంటున్నాను. ఖచ్చితంగా చెప్పలేను, మనుషులం కదా. కానీ ఒక సంచిలో కట్టి వదిలించుకోవడం అంత సులువైనప్పుడు, ఖాళీ అయిన అర మళ్లీ నిండటానికి అడ్డేముంది? ఇల్లు సర్దిన వారానికే సర్దుకునే డబ్బాలు, బుట్టలు కొనుక్కొచ్చినవాళ్లు మీకూ తెలిసే ఉంటారు.

పాతది వెనక్కి తీసుకునే బాధ్యత తయారుచేసినవాళ్లదే అనే చట్టాలు చాలా దేశాల్లో ఎలక్ట్రానిక్ సామాన్లకి ఉన్నాయి. ఫ్రాన్స్ బట్టలకి కూడా పెట్టింది. బల్లలు, కుర్చీలు, పిల్లల బొమ్మలు, వ్యాయామం యంత్రాల్లాంటి వాటికి చాలాచోట్ల ఇంకా అలాంటిదేం లేదు, కొన్నవాడిదే భారం. అందుకని ఈమధ్య ఏదైనా పెద్దది కొనాల్సి వస్తే షాపువాణ్ణి నేను మొదట అడిగే ప్రశ్న ఇదే: "నాకు అక్కర్లేనప్పుడు మీరు వెనక్కి తీసుకుంటారా?" ట్రెడ్‌మిల్ అమ్మే కుర్రాడు ఈ ప్రశ్నకి కాసేపు బిత్తరపోయి, లోపలికెళ్లి మేనేజర్ని అడిగొచ్చి, "తీసుకోం సార్, కానీ డెలివరీ ఫ్రీ" అన్నాడు. అక్క నా పక్కనే ఉంది, ఆవిడకే కావాలి ట్రెడ్‌మిల్. బయటికొచ్చాక తిట్టింది. ఇప్పుడు ఒక నెల అద్దెకి ఇచ్చేవాళ్లెవరైనా ఉన్నారేమో వెతుకుతోంది, నడవాలనిపిస్తుందో లేదో ముందు చూసుకుంటుందట.